డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో స్థలం కొని ఇల్లు కట్టాలంటే: అనుమతుల దారి, సెప్టిక్ దగ్గర మెలిక

ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీల్లో ధరలు చూసి, ఇంకాస్త దూరం పోయి హంట్, ఫానిన్, కాఫ్‌మన్, వ్యాన్ జాంట్ కౌంటీల్లో ఎకరమో అయిదెకరాలో కొంటున్న తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. కొనేటప్పుడు అందరి చెవినా పడే మాట ఒకటే: "అన్‌రిస్ట్రిక్టెడ్ ల్యాండ్ అండీ, కౌంటీలో జోనింగ్ లేదు, మీ ఇష్టమొచ్చింది కట్టుకోవచ్చు." జోనింగ్ లేదన్నది నిజమే. ఇష్టమొచ్చింది కట్టుకోవచ్చన్నది నమ్మి డబ్బు కట్టినవాళ్లు, తీరా ఇంటి ప్లాను గీయించుకుని వెళ్లాక, "ఈ స్థలంలో ఈ ఇంటికి సెప్టిక్ పర్మిట్ రాదు" అన్న జవాబుతో తిరిగొస్తున్నారు. స్థలం కొనకముందే తేల్చుకోదగ్గ విషయం అది.

టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. నగరాలకున్నంత అధికారం వీటికి లేదు. రాష్ట్ర శాసనసభ ఏ పని అప్పజెబితే ఆ పనే చేయగలవు. ఇది ఇళ్లకు, ఇది దుకాణాలకు అని భూమిని విడదీసే జోనింగ్ అధికారం, కొన్ని సరస్సుల చుట్టుపక్కల లాంటి చోట్ల తప్ప, కౌంటీల చేతిలో లేదు. అందుకే మన ఊళ్లో పొలాన్ని నాలా కింద మార్పించుకున్నట్టు ఇక్కడ చేయడానికి అలాంటి దరఖాస్తే లేదు. "ల్యాండ్ యూజ్ మార్పించి పెడతాం" అని ఎవరైనా ఫీజు అడిగితే, ఏ ఆఫీసులో, ఏ ఫారం మీద అని అడగండి. జవాబు రాదు.

ముందుగా స్థలం ఏ ఊరి పరిధి కిందికి వస్తుందో చూసుకోవాలి. ఊరి బోర్డు దాటగానే ఊరి పెత్తనం అయిపోదు. నగర సరిహద్దు బయట ఈటీజే అనే వలయం ఉంటుంది: జనాభా 5,000 లోపుంటే అర మైలు, 25,000 లోపు ఒక మైలు, 50,000 లోపు రెండు మైళ్లు, లక్ష లోపు మూడున్నర మైళ్లు, లక్ష దాటితే అయిదు. ఈటీజేలో నగరం జోనింగ్ వర్తించదు కానీ, భూమిని ముక్కలు చేయడానికి నగరం నిబంధనలు వర్తించవచ్చు. 2023 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం భూయజమాని అర్జీ పెట్టుకుని ఈటీజే నుంచి బయటికి రావచ్చు. అమ్మేవాళ్లు "బయటికి వచ్చేశాం" అంటే ఆ కాగితం చూపించమనండి. అప్రైజల్ డిస్ట్రిక్ట్ (ఆస్తి పన్నుకు విలువ కట్టే సంస్థ) వెబ్‌సైట్‌లో పార్సిల్ నంబరు దొరుకుతుంది. దాన్ని జతచేసి ఆ ఊరి ప్లానింగ్ విభాగానికి ఒక ఈమెయిల్ పెడితే సరిపోతుంది. ఫోన్లో విన్న జవాబు తర్వాత ఎందుకూ పనికిరాదు.

తేలిగ్గా అయిపోయే పనులు

911 అడ్రసు: కౌంటీ అడ్రసింగ్ ఆఫీసు ఇస్తుంది. డ్రైవ్‌వే రోడ్డును ఎక్కడ కలుస్తుందో చెప్పాలి. కరెంటు కో-ఆప్‌కీ సెప్టిక్ దరఖాస్తుకీ ఈ అడ్రసే కావాలి, అందుకని ముందు దీన్ని తీసుకోండి.

డ్రైవ్‌వే: మీ ముందున్న రోడ్డు స్టేట్ హైవే గానీ ఎఫ్ఎం (ఫార్మ్-టు-మార్కెట్) రోడ్డు గానీ అయితే టెక్స్‌డాట్ (రాష్ట్ర రవాణా శాఖ) పర్మిట్, కౌంటీ రోడ్డు అయితే కౌంటీ అనుమతి. కింద వేసే కల్వర్టు గొట్టం ఎంత లావుండాలో వాళ్లే చెబుతారు. అది తెలియకముందే కాంక్రీటు పోయించకండి. మలుపు దగ్గర, ఎత్తు దిగే చోట గేటు పెట్టుకుంటే, వచ్చే బండి కనపడదని జరపమంటారు.

వరద మ్యాపు: ఫీమా (కేంద్ర విపత్తుల సంస్థ) మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు. మీ స్థలం 'ఏఈ' వరద జోన్‌లో పడితే వరద నీరు ఎంత ఎత్తు వస్తుందో మ్యాపులోనే ఉంటుంది. పల్లె ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించేది ఉత్త 'ఏ' జోన్. అందులో ఆ ఎత్తు ఉండదు, ఇంజినీరు చేత కట్టించుకోవాల్సి రావచ్చు, దానికి డబ్బూ నెలలూ పడతాయి. స్థలంలో వాగు పారే మూల మాత్రమే వరద జోన్‌లో ఉంటే భయపడక్కర్లేదు, ఇల్లు ఇవతల కట్టుకోవచ్చు. కానీ ఆ మూలలో మట్టి పోసి మెరక చేసినా, గుంట తవ్వినా కౌంటీ లెక్కలో అది డెవలప్‌మెంటే, దానికీ పర్మిట్ కావాలి.

నీళ్లు: పల్లె వాటర్ సప్లయ్ సంస్థ మీటరు గానీ సొంత బోరు గానీ. రోడ్డు పక్కన పైపు కనిపించినంత మాత్రాన మీటరు దొరుకుతుందని లేదు, కొత్త మీటరు ఇస్తామన్న లెటరు తీసుకోవాలి. ఈ నిర్ణయం తర్వాత సెప్టిక్ మెడకు చుట్టుకుంటుంది, కింద చూడండి.

మీరు కొన్న ముక్క కౌంటీ రికార్డులో ఉందా?

భూమిని రెండు ముక్కలు చేసినా ప్లాటు మ్యాపు (ముక్కల హద్దులు చూపే పటం) ఆమోదించుకుని కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డు చేయాలని రాష్ట్ర చట్టం. దానికి మినహాయింపులున్నాయి. రోడ్లు వేయకుండా ఒక్కో ముక్క 10 ఎకరాలు దాటితే ప్లాటింగ్ అక్కర్లేదు. నాలుగు ముక్కలకు మించకుండా చేసి, అన్నీ మూడో డిగ్రీ (బంధుత్వంలో మెట్టు) లోపు బంధువులకే ఇచ్చినా అక్కర్లేదు. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. బావమరిదికి రాసివ్వచ్చు, మేనల్లుడికి రాసివ్వచ్చు. పెదనాన్న కొడుకు మనకు అన్నయ్యే కానీ, టెక్సాస్ లెక్కలో నాలుగో డిగ్రీ. అతనికి ఒక ముక్క ఇస్తే మినహాయింపు మొత్తానికే పోతుంది.

డీడ్ రిజిస్టర్ అయింది కదా అనుకోకండి. క్లర్క్ తన ముందు పెట్టిన డీడ్‌ను రికార్డు చేస్తాడు, ముక్క చట్టప్రకారం చేశారా అని చూడడు. ఆ లోపం బయటపడేది సెప్టిక్ దరఖాస్తు రోజున. చాలా కౌంటీలు ప్లాటు మ్యాపు రికార్డు కాని ముక్కకు పర్మిట్ ఇవ్వవు. అప్పటికి అమ్మినవాడు ఫోన్ ఎత్తడు.

ఇంకో రకం కూడా నడుస్తోంది: నలభై మంది కలిసి ఒక ఎల్ఎల్‌సీ పెట్టి నలభై ఎకరాలు కొనడం, "మీకొక ఎకరం" అనడం. పెట్టుబడిగా అది మంచిదో చెడ్డదో వేరే సంగతి. ఇల్లు కట్టుకుందామని చేరితే మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి: మీ ఎకరం గ్రూపు వాళ్ల పవర్‌పాయింట్‌లో ఉంటుంది, కౌంటీ రికార్డులో ఉండదు. అక్కడ ఉన్నది ఒకే ఒక్క నలభై ఎకరాల పార్సిల్, యజమాని ఒక కంపెనీ. మీ పేరున పర్మిట్ అడగడానికి మీకంటూ స్థలమే లేదు.

ప్లాటు మ్యాపు ఉంటే దానితోపాటు డీడ్ రిస్ట్రిక్షన్లు కూడా చదవండి. ఇల్లు కనీసం ఇన్ని చదరపు అడుగులుండాలి, మెటల్ బిల్డింగు కూడదు లాంటివి అందులో ఉంటాయి. కౌంటీ వాటిని పట్టించుకోదు, పర్మిట్ ఇచ్చేస్తుంది. పక్కింటాయన పట్టించుకుంటాడు, కోర్టుకు వెళ్తాడు.

సెప్టిక్: అసలు పరీక్ష ఇదే

నగరం మురుగు పైపు లేని చోట ఇల్లు కడితే ఆ ఇంటి మురుగు ఆ స్థలంలోనే ఇంకాలి. దానికి కావాల్సిన అనుమతిని ఓఎస్ఎస్ఎఫ్ పర్మిట్ అంటారు. నిబంధనలు రాష్ట్ర పర్యావరణ సంస్థ టీసీఈక్యూవి, అమలు చేసేది చాలాచోట్ల కౌంటీ. ఇల్లు కాదుగా, ఉత్త ట్రైలరో, షెడ్డులో ఒక గదో కదా అనుకోవద్దు. మనిషి ఉండి నీళ్లు వాడే ఏ నిర్మాణానికైనా ఇది కావాలి.

పరీక్ష మొదలయ్యేది రెండు గుంతలతో. లైసెన్సున్న సైట్ ఎవాల్యుయేటర్ వచ్చి, మురుగు వదలబోయే జాగాకు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి తవ్వుతాడు. మురుగు ఇంకబోయే కాలువ అడుగు కన్నా కనీసం రెండడుగులు లోతు, మధ్యలో రాయి తగిలితే అంతవరకూ. పొర పొరకూ చిటికెడు మట్టి తీసి, నీళ్లతో తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రిబ్బన్‌లా నొక్కుతాడు. ఇసుక మట్టి వెంటనే విరిగిపోతుంది. బంకమట్టి రెండంగుళాలు దాటినా విరగకుండా వేలాడుతుంది. గోడల్లో బూడిదరంగు మచ్చలు కనిపిస్తే వానాకాలంలో నీరు అంతవరకూ వచ్చి నిలుస్తోందని రాసుకుంటాడు. "పెర్క్ టెస్ట్ పాసైంది" అని బ్రోకరు చెబితే సంతోషించకండి. టెక్సాస్‌లో ఇప్పుడు నీళ్లు పోసి ఇంకే వేగం కొలిచే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, ఈ గుంతల రిపోర్టే లెక్క.

డాలస్ తూర్పున హంట్, కాఫ్‌మన్, దక్షిణాన ఎల్లిస్ కౌంటీల్లో చాలా భాగం బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ. గుంటూరు, కర్నూలు వాళ్లకు ఆ మట్టిని పరిచయం చేయక్కర్లేదు. పత్తి పండే నల్లరేగడి, ఎండలో నెర్రెలిచ్చి, వానకు ఉబ్బే మట్టి, అదే జాతి. పంటకు బంగారమే కానీ నీటిని కిందికి దిగనివ్వదు. నిబంధనల్లో దీన్ని నాలుగో తరగతి మట్టి అంటారు. నాలుగో తరగతి వచ్చిందంటే ట్యాంకు, దాని వెనక కంకర కాలువలు ఉండే మామూలు సెప్టిక్ కుదరదు. సాధారణంగా గాలి కొట్టి మురుగును శుద్ధిచేసే ఏరోబిక్ సిస్టం పెట్టి, క్లోరిన్ కలిపి, స్ప్రింక్లర్లతో గడ్డి మీద చల్లాలి. లేదంటే భూమి లోపల డ్రిప్ పైపులు వేయాలి. రెండూ మామూలు సెప్టిక్ కన్నా ఖర్చే. వ్యాన్ జాంట్ వైపు ఇసుక నేలలు తగులుతాయి, అక్కడ మామూలు సిస్టం దొరికే అవకాశం ఎక్కువ. అయినా ఒకే పొలంలో ఆ మూల ఒకటి ఈ మూల ఒకటి ఉండొచ్చు.

ఇక లెక్క. రోజుకు ఎంత మురుగు వస్తుందో పడకగదులనూ చదరపు అడుగులనూ రెంటినీ చూసి, ఏది ఎక్కువైతే దాని ప్రకారం వేస్తారు. నీరు పొదుపు చేసే కుళాయిలు, ఫ్లష్‌లు ఉన్న ఇంటికి: 3 గదులు, 2,500 చదరపు అడుగుల లోపు అయితే 240 గ్యాలన్లు. 4 గదులు, 3,500 లోపు 300. 5 గదులు, 4,500 లోపు 360. 6 గదులు, 5,500 లోపు 420. మన ఇళ్లకు తగిలేది ఈ రెండో షరతే. నాలుగు గదులే అయినా ఇల్లు 4,800 చదరపు అడుగులుంటే ఆరు గదుల వరసలో పడుతుంది, 420 గ్యాలన్లు. కింద అమ్మానాన్నల గది, మీడియా రూము, స్టడీ అని ప్లానులో ఏ పేరు రాసినా, లోపల క్లోజెట్ ఉంటే చాలా ఆఫీసుల్లో దాన్ని పడకగదిగానే లెక్కిస్తారు. పూజగదికి క్లోజెట్ పెట్టించకండి.

ఉత్తర టెక్సాస్‌లో స్ప్రేకు చదరపు అడుగుకు రోజుకు సుమారు 0.06 గ్యాలన్ల చొప్పున చల్లనిస్తారు. 300 గ్యాలన్లకు 5,000 చదరపు అడుగులు కావాలి, 420కి 7,000. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు కదా, ఏముందిలే అనిపిస్తుంది. దూరాలు కొలిస్తే తెలుస్తుంది. స్ప్రే అంచు స్థలం హద్దుకు 20 అడుగుల ఇవతల ఉండాలి (అర్ధరాత్రి నుంచి ఉదయం 5 లోపే చల్లేలా టైమరు పెడితే 10 అడుగులు). బోరు నుంచి 100 అడుగులు. చుట్టూ 100 అడుగుల గీత గీస్తే లోపల 31,400 చదరపు అడుగులు పోతాయి. చదరంగా ఉన్న ఎకరానికి ఒక్కో పక్క 209 అడుగులు. సరిగ్గా నడిమధ్యన బోరు వేయించారంటే, స్ప్రేకు మిగిలేవి నాలుగు మూలల్లో నాలుగు చిన్న ముక్కలు, అవీ హద్దుల దగ్గర కోసుకుపోగా. పక్కవాళ్ల బోరు మీ కంచెకు ఆనుకుని ఉన్నా ఆ వలయం మీ స్థలంలోకి వస్తుంది. బోరు వాళ్లు ముందు వచ్చి ఎక్కడ సులువైతే అక్కడ దించేసి పోవడం వల్ల చెడిన స్థలాలే ఎక్కువ. సెప్టిక్ డిజైను గీశాక బోరు చోటు నిర్ణయించండి. సెప్టిక్ సిస్టం మీద నడిచే ఇంటికి, పబ్లిక్ నీళ్లుంటే అర ఎకరం, సొంత బోరైతే ఎకరం కనీసం ఉండాలని రాష్ట్రం అంటుంది. చాలా కౌంటీలు అంతకన్నా ఎక్కువ అడుగుతాయి.

స్ప్రే పడే జాగాలో మనుషులు తినేదేదీ పండించకూడదు. గోంగూర మడి, బీరపాదు, జామచెట్టు అన్నీ దానికి అవతల ఉండాలి. ఉత్త మట్టి మీద కూడా చల్లకూడదు, గడ్డి మొలిచి ఉండాలి. ఇల్లంతా పూర్తయ్యాక చివరి తనిఖీ గడ్డి లేదని ఆగిపోతుంటుంది. చలికాలంలో అయితే రై గడ్డి గింజలు ముందే చల్లించుకోండి.

"పదెకరాలు దాటితే సెప్టిక్ పర్మిటే అక్కర్లేదు" అన్న మాట కూడా వింటారు. రాష్ట్ర చట్టంలో అలాంటి మినహాయింపు ఉన్న మాట నిజం: ఒకే కుటుంబం ఇల్లు, 10 ఎకరాలు లేదా ఆ పైన, సిస్టంలో ఏ భాగమూ హద్దుకు 100 అడుగుల లోపు ఉండకూడదు, మురుగు ఆ స్థలం దాటకూడదు. అయితే కౌంటీలు ఈ మినహాయింపును తీసేసుకోవచ్చు, చాలావి తీసేశాయి. ఉన్నచోట కూడా పర్మిట్ ఒక్కటే మాఫీ, నిబంధనలు కాదు.

దరఖాస్తుతో పాటు ఇవ్వాల్సినవి: డీడ్ కాపీ, ప్లాటు లేదా సర్వే, 911 అడ్రసు, ఫ్లోర్ ప్లాను, సైట్ ఎవాల్యుయేషన్ రిపోర్టు, స్కేలుకు గీసిన డిజైను, ఫీజు. ఏరోబిక్ అయితే ఇంకో రెండు. మొదటిది మెయింటెనెన్సు ఒప్పందం. రెండోది ఈ స్థలంలో ఇలాంటి సిస్టం ఉందని ప్రకటించే అఫిడవిట్, నోటరీ చేయించి కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డు చేయించాలి. తిరగ్గొట్టే దరఖాస్తుల్లో తరచూ లోపించేది ఈ అఫిడవిట్టే. దీనివల్ల స్థలం మీద ఏదో అప్పు పడుతుందని కొందరు జంకుతారు. అలాంటిదేమీ లేదు, తర్వాత కొనేవాడికి తెలియడానికి మాత్రమే. పేరు డీడ్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. డీడ్ భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటే ఇద్దరూ సంతకం చేయాలి. ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట చివరా ఉండే మనవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా చూసుకోవాలి.

అన్నీ సరిగా ఉంటే 30 రోజుల్లోపు అవుననో కాదనో చెప్పాలి. వచ్చే కట్టుబడి అనుమతి ఒక సంవత్సరం చెల్లుతుంది. ఇది చేతికి రాకముందే ఇంటి శ్లాబు పోయించకండి, ఎందుకంటే డిజైనులో ఇంటి చోటు మారితే దూరాలన్నీ మారతాయి. ట్యాంకులు, పైపులు పెట్టాక ఇన్‌స్పెక్టరు చూడకుండా మట్టి కప్పకూడదు. కప్పితే మళ్లీ తవ్వించుకోవాల్సి రావచ్చు. అమ్మేవాళ్లు పాత డిజైను కాగితం ఇచ్చి "సెప్టిక్ అప్రూవ్ అయి ఉంది" అంటే, అది ఎన్ని గదుల, ఎన్ని చదరపు అడుగుల ఇంటికో చూడండి. మూడు గదుల చిన్న ఇంటికి తీసుకున్నది మీ ఇంటికి పనికిరాదు.

కొనే ముందు మూడు నాలుగు వారాలు

టెక్సాస్ కాంట్రాక్టులో ఆప్షన్ పీరియడ్ ఉంటుంది. చిన్న ఫీజు కట్టి, ఆ రోజుల్లోగా ఏ కారణమూ చెప్పకుండా వెనక్కి తగ్గవచ్చు. మామూలుగా పది రోజుల లోపే ఇస్తారు. ఖాళీ స్థలానికి మూడు నాలుగు వారాలు అడగండి. ఆ రోజుల్లో గుంతలు తవ్వించండి, కౌంటీ ఆఫీసులో శానిటేరియన్‌ను (సెప్టిక్ పర్మిట్లు చూసే అధికారిని) పార్సిల్ నంబరుతో కలిసి "ఈ ముక్కకు పర్మిట్ ఇస్తారా" అని అడగండి. వీళ్లు లంచం ఆశించే మనుషులు కారు, మధ్యవర్తి కూడా అక్కర్లేదు, ఓపిగ్గానే చెబుతారు. అమ్మేవాళ్లు గుంతలు తవ్వనివ్వమంటే అదీ ఒక జవాబే.

ఇల్లు కట్టేటప్పుడు

కౌంటీ నగరంలా ఇంటి ప్లాను పరిశీలించదు. కొత్త ఇళ్ల తనిఖీల మీద ఉన్న రాష్ట్ర చట్టాన్ని కొన్ని కౌంటీలు స్వీకరించాయి. అక్కడైతే కొత్త ఇంటికి కనీసం మూడు తనిఖీలు ఉండాలి: పునాది, ఫ్రేము, పూర్తయ్యాక. ఆ తనిఖీలు బిల్డరు ఏర్పాటు చేసుకుంటాడు, కౌంటీకి నోటీసు ఇస్తాడు. అంటే బిల్డరు పని చూసేవాడు బిల్డరు పిలిచిన మనిషే. నల్లరేగడి మీద శ్లాబు పోసేముందు మీ తరఫున వేరే ఇన్‌స్పెక్టరును పెట్టుకోవడం వృథా ఖర్చు కాదు.

పన్ను సంగతి తెలియక దెబ్బతినేవాళ్లూ ఉన్నారు. చాలా స్థలాలకు ఆవులో ఎండుగడ్డో చూపించి వ్యవసాయ విలువ మీద పన్ను నడుస్తూ ఉంటుంది. యజమాని మారితే కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి, గడువు ఏప్రిల్ 30. గడ్డి కోయించడం మానేస్తే ఆ లాభం పోతుంది. ఇల్లు కట్టి వాడకం మారిస్తే, మారిన భాగానికి గత మూడేళ్ల పన్ను తేడా కట్టాల్సి రావచ్చు. ఒకప్పుడు అయిదేళ్లదీ, వడ్డీతో సహా ఉండేది, ఇప్పుడు మూడేళ్లు, వడ్డీ లేదు. ఎకరంలో ఇల్లు కట్టి మిగతాది గడ్డికే ఉంచితే, పడినా ఆ ఎకరానికే పడుతుంది. ఈ తేడా అమ్మినవాళ్లు కట్టాలా, కొన్నవాళ్లు కట్టాలా అన్నది కాంట్రాక్టులో ఒక్క పంక్తి. సంతకం పెట్టేముందు అందులో ఎవరు కట్టాలని ఉందో చూడండి.

ఏరోబిక్ సిస్టం పెట్టినవాళ్లకు మొదటి రెండేళ్ల సర్వీసు ఇన్‌స్టాలరే ఇవ్వాలి. నాలుగు నెలలకొకసారి తనిఖీ రిపోర్టు కౌంటీకి వెళ్తుంది. రెండేళ్ల తర్వాత ఒప్పందం కొత్తగా చేసుకోవడం మరిచిపోతే నోటీసు రావచ్చు. క్లోరిన్ బిళ్లలు సెప్టిక్‌కని రాసినవే వేయండి. స్విమ్మింగ్ పూల్ బిళ్లలు చవగ్గా దొరుకుతాయి కానీ అవి వేరే రసాయనం. రెండూ ఒకే గొట్టంలో తడిగా కలిస్తే పేలే ప్రమాదం ఉంది.